మైనస్ 40లో దూరం వెళ్ళే బండి: యుటిలిటీ స్నోమొబైల్ ఎంచుకునే పద్ధతి

విజయవాడలో బండి కొనేవాళ్ళు ముందు అడిగేది మైలేజీ. కెనడా ఉత్తరాన యెల్లోనైఫ్‌లోనో వైట్‌హార్స్‌లోనో స్నోమొబైల్ (ముందు స్కీలు, వెనక తిరిగే రబ్బరు ట్రాక్‌తో మంచు మీద పోయే బండి) కొనేవాళ్ళు ముందు అడగాల్సింది వేరు. ఊరికి 80 కిలోమీటర్ల దూరంలో, మైనస్ 40లో, రాత్రంతా ఆరుబయట నిలబడ్డ బండి పొద్దున్నే స్టార్ట్ అవుతుందా? అవ్వకపోతే ఎదురుగా వచ్చే లారీ ఉండదు, చెయ్యి ఊపి ఆపడానికి ఆటో ఉండదు. హార్స్‌పవర్, రంగు, స్క్రీన్ సైజు అన్నీ ఈ ప్రశ్న తర్వాతే.

ఇది రాయడానికి కారణం మా అక్క కొడుకు. ఉద్యోగం మీద యెల్లోనైఫ్ చేరి, "మామయ్యా, ఏ బండి తీసుకోను?" అని ఫోన్ చేశాడు. నేను ఆటోనగర్‌లో ఇంజిన్లు విప్పి బిగించే మనిషిని. మంచు మీద నేను తోలింది గుల్మార్గ్‌లో టూరిస్టులకు అద్దెకిచ్చే బండి, అదీ ఒక చిన్న చుట్టు. కానీ స్నోమొబైల్ మూత తీసి చూస్తే లోపల ఉన్నవన్నీ మనకు పరిచయస్తులే. స్కూటర్లో ఉండే బెల్టు, పుల్లీలే అక్కడా ఉంటాయి, కాస్త పెద్దవి. ఆర్‌ఎక్స్ 100లో చూసిన టూ స్ట్రోకు పద్ధతే సగం ఇంజిన్లలో ఉంటుంది. కంపెనీ మాన్యువళ్ళు చదివి, వాడు అక్కడి మెకానిక్కులను అడిగి చెప్పినవి కలుపుకుని మేమిద్దరం బండి ఎంచుకున్న వరుస ఇది. ఉత్తర కెనడాకో, అలాస్కాకో, ఫిన్లాండుకో వెళ్ళే మనవాళ్ళెవరికైనా పనికొస్తుంది.

మొదటి అడుగు: బండి కాదు, దారి రాసుకోండి

ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాయండి. ఒక్క దఫాలో ఎంత దూరం, ఎంత బరువు లాగాలి, దారి ఎలాంటిది, రాత్రి బయట ఉండాలా. దారి విషయం వివరంగా రాయాలి. గడ్డకట్టిన చెరువు మీద నున్నటి ఐసా, అడవిలో నడుము లోతు పిండిమంచా, రోజూ బండ్లు తిరిగి గట్టిపడ్డ బాటా? ఈ మూడింటికీ మూడు రకాల బండ్లు కావాలి. మూడూ ఉంటే, ఎక్కువ ప్రమాదం ఎక్కడుందో దానికి తగ్గ బండి తీసుకోవాలి.

బరువును ఊహించి రాయొద్దు. గుంటూరు మిర్చి యార్డులో ఒక టిక్కీ 40 కిలోల పైమాటే. డేరా, స్టవ్వు, తిండి, పెట్రోలు డబ్బాలు, స్పేర్లు అన్నీ కలిపితే ఒక్క మనిషి మూడు రోజుల ప్రయాణానికే మూడు టిక్కీల బరువు సులువుగా దాటుతుంది.

రెండో అడుగు: ముందు డీలరు, తర్వాత మోడలు

ఆటోనగర్‌లో ఈ షాపులో లేని స్పేరు పక్క షాపులో దొరుకుతుంది. అక్కడ అలా ఉండదు. ఊళ్ళో ఒక కంపెనీకి ఒకే డీలరు ఉండొచ్చు, లేదా ఎవరూ ఉండకపోవచ్చు. విమానంలో తప్ప సరుకు రాని ఊళ్ళు కూడా ఉన్నాయి. కాబట్టి మీరుండే చోట ఏ కంపెనీ బండ్లు బాగుచేస్తారో, బెల్టు, ప్లగ్గులు, ట్రాక్ బేరింగులు ఎవరి దగ్గర స్టాకు ఉంటాయో చూసి, ఆ కంపెనీలోనే మోడల్ వెతకండి. చుట్టుపక్కల వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు ఏది తోలుతున్నారో చూడటం అన్నిటికన్నా నమ్మకమైన సర్వే.

పెద్ద పేర్లు తక్కువే. కెనడా బీఆర్‌పీ వారి స్కీ-డూలో స్కాండిక్, ఎక్స్‌పెడిషన్, తుండ్రా వరుసలు. అదే కంపెనీ ఫిన్లాండులోని రొవానియెమిలో తయారుచేసే లింక్స్ రేంజర్ వరుస. పొలారిస్‌లో టైటాన్, ఆర్కిటిక్ క్యాట్‌లో బేర్‌క్యాట్. యమహా వీకే540 గురించి కెనడా ఉత్తరాన ఎవరిని అడిగినా మంచి మాటే చెబుతారు. కానీ యమహా స్నోమొబైల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2023లో ప్రకటించింది. ఉత్తర అమెరికాలో 2025 మోడళ్ళే చివరివి. పాత వీకే దొరికితే వద్దనను. స్పేర్ల సంగతి మాత్రం డీలరుతో ముఖాముఖి మాట్లాడాకే డబ్బు ఇవ్వండి.

మూడో అడుగు: ఇంజిన్ దేనితో చల్లబడుతుంది?

మైనస్ 40లో ఇంజిన్ వేడెక్కడమేమిటని అనిపిస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

లిక్విడ్ కూల్డ్ స్నోమొబైళ్ళలో చాలావాటికి కారులో లాంటి రేడియేటరు ఉండదు. సీటు కింద, ట్రాక్ తిరిగే సొరంగం పైకప్పుకు అల్యూమినియం గొట్టాలు ఉంటాయి. ట్రాక్ విసిరే మంచు ఆ గొట్టాలకు తగిలి కరుగుతూ ఇంజిన్ను చల్లబరుస్తుంది. అంటే మంచు ఎగిరితేనే కూలింగ్. గాలి ఊడ్చేసిన చెరువు ఐసు మీద గంటసేపు వెళ్తే విసరడానికి మంచే ఉండదు. బయట ఎంత చలి ఉన్నా టెంపరేచర్ లైటు వెలుగుతుంది. ట్రాక్ లోపల పట్టాల కింద ఉండే ప్లాస్టిక్ స్లైడర్లకూ ఆ మంచే కందెన. అది లేకపోతే అవి కరిగి అరిగిపోతాయి.

దీనికి మందు ఐస్ స్క్రాచర్లు. స్ప్రింగు లాంటి రెండు కమ్ములు ఐసును గీకుతూ పొడి రేపుతాయి. ఖరీదు కొంచెమే, గట్టి దారిలో వెళ్ళే లిక్విడ్ కూల్డ్ బండికి ఇవి లేకుండా బయల్దేరొద్దు. కొన్ని యుటిలిటీ (బరువు లాగే పనికి చేసిన) మోడళ్ళకు ముందు భాగంలో ఫ్యానుతో కూడిన రేడియేటరు కూడా ఇస్తారు. నెమ్మదిగా, బరువు లాగుతూ, ఐసు మీద వెళ్ళేవాళ్ళు దీన్ని ప్రత్యేకంగా అడిగి తీసుకోవాలి.

ఇక ఫ్యాన్ కూల్డ్. ఇంజిన్ మీద ఒక ఫ్యాను, చుట్టూ రేకు గూడు, అంతే. కూలెంట్ లేదు, గొట్టాలు లేవు, లీకు లేదు. శక్తి తక్కువ, చప్పుడు ఎక్కువ, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది. అయినా ఒంటరిగా తిరిగేవాళ్ళకు ఇది చెడ్డ బేరం కాదు. లేనిది పాడవదు కదా.

లిక్విడ్ కూల్డ్ తీసుకుంటే కూలెంట్ పాళ్ళు చూసుకోండి. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపితే దాదాపు మైనస్ 37 దగ్గర గడ్డకడుతుంది. మైనస్ 40 ఊళ్ళో అది చాలదు. గ్లైకాల్ పాలు 60 శాతానికి పెంచితే మైనస్ 50 వరకు దిగులుండదు. మన దగ్గర రేడియేటరులో బోరు నీళ్ళు పోసి తిప్పే అలవాటు విమానం ఎక్కేముందు ఇక్కడే వదిలేసి వెళ్ళాలి.

నాలుగో అడుగు: టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా

ఈ ప్రశ్న మీద అక్కడి గరాజుల్లో వాదనలు తెగవట. నా లెక్క ఇది.

దూరం కోసమైతే ఫోర్ స్ట్రోకు. రోటాక్స్ 600 ఏస్ రెండు సిలిండర్లది, 900 ఏస్ మూడు సిలిండర్లది. ఇలాంటి ఇంజిన్లు తక్కువ పెట్రోలుతో, పొగ లేకుండా, గంటల తరబడి ఒకే స్వరంతో తిరుగుతాయి. విడిగా టూటీ ఆయిలు మోయనక్కర్లేదు. సామాను వేసి వెనక కట్టే స్లెడ్జిని లాగేటప్పుడు కింది ఆర్‌పీఎంలోనే లాగుడు ఉంటుంది.

కానీ కఠినమైన చలిలో ఫోర్ స్ట్రోకుకు మూడు తలనొప్పులున్నాయి. ఒకటి బరువు. వెడల్పు ట్రాకుతో ఇవి 300 కిలోలు దాటుతాయి. తేలికపాటి ఫ్యాన్ కూల్డ్ బండి 200 పైచిలుకుతో సరిపోతుంది. ఒంటరిగా మంచులో కూరుకుపోయినప్పుడు ఆ వంద కిలోల తేడా నడుముకు తెలుస్తుంది. రెండు, స్టార్టింగ్. చాలా ఫోర్ స్ట్రోకు బండ్లకు చేత్తో లాగే తాడే ఉండదు. బ్యాటరీ చచ్చిందంటే బండి చచ్చినట్టే. మూడోది చాలామందికి తెలియదు, అదే బ్రీదర్ గొట్టం. ఇంజిన్ లోపలి ఆవిరి ఆ గొట్టం గుండా బయటికి పోవాలి. చిన్న చిన్న దూరాలు తిప్పి ఆపేస్తుంటే ఆయిల్లో తేమ చేరి, ఆ గొట్టంలో ఐసై కూర్చుంటుంది. దారి మూసుకుపోయి క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరుగుతుంది. చివరికి ఆయిల్ సీలు తన్నుకొస్తుంది. కొనేముందు బ్రీదర్ గొట్టం ఏ దారిలో పోతుందో, చలి గాలికి ఎంత మేర బయటపడి ఉందో చూడండి, కంపెనీ చలికి దాని మీద తొడుగు ఇస్తుందేమో అడగండి. ఫోర్ స్ట్రోకు తీసుకున్నవాళ్ళు పాల ప్యాకెట్టుకు వెళ్ళొచ్చే దూరాలకు దాన్ని తీయకూడదు. తీస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా తోలాలి.

టూ స్ట్రోకు తేలిక, విప్పడం సులువు, తాడు లాగితే లేస్తుంది. కార్బురేటరు బండి అయితే మరీను. ఈఎఫ్‌ఐ (ఎలక్ట్రానిక్‌గా పెట్రోలు చిమ్మే) టూ స్ట్రోకుల్లో బ్యాటరీ లేకున్నా తాడుతో లేచేవి కొన్ని ఉన్నాయి. కొనే మోడల్ గురించి ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి. బదులుగా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిలు డబ్బా వెంట ఉండాలి. ఆ ఆయిలు కూడా కడుచలికి చేసిన సింథటిక్ అయి ఉండాలి. మామూలు మినరల్ ఆయిలు చలికి చిక్కబడితే పంపు దాకా జారదు, పిస్టను పట్టేస్తుంది. ఆర్‌ఎక్స్ 100లు తిప్పిన తరానికి పిస్టను పట్టేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఫోర్ స్ట్రోకు ఆయిలు సంగతి కూడా ఇక్కడే. డబ్బా మీద 0డబ్ల్యూ-40 అని ఉంటే మైనస్ 40 వద్ద కూడా పంపు దాన్ని లాగగలదని పరీక్షించారని అర్థం. మన లారీల్లో పోసే 15డబ్ల్యూ-40కి ఆ పరీక్ష మైనస్ 25 వద్దే.

నా తీర్పు అడిగితే, ఇద్దరు ముగ్గురు కలిసి, ఎక్కువ దూరం, స్లెడ్జి కట్టుకుని వెళ్ళేవాళ్ళకు ఫోర్ స్ట్రోకు. తరచు ఒంటరిగా, అడవి దారుల్లో, కరెంటు లేని గుడిసెల్లో రాత్రి ఆగేవాళ్ళకు తాడున్న టూ స్ట్రోకు. మా వాడు మొదటి జట్టులోవాడు. అందుకే ఫోర్ స్ట్రోకుకే వెళ్ళమన్నాను.

ఐదో అడుగు: పొద్దున లేపే ఏర్పాటు

యెల్లోనైఫ్‌లో కార్ల ముందు నుంచి కరెంటు ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది. ఇంజిన్‌కు బ్లాక్ హీటర్ పెట్టి రాత్రి సాకెట్లో గుచ్చుతారు. మీ స్నోమొబైల్‌కు కూడా అది బిగించేట్టు మాట్లాడుకోండి, కొత్త బండికైతే డెలివరీకి ముందే. కరెంటు లేని చోట పెట్రోలుతో నడిచే ప్రీహీటర్లు వస్తాయి, ఖరీదు ఎక్కువ. బండి మీద టార్పాలిన్ కప్పి కింద క్యాంపు స్టవ్వు పెట్టే పాత పద్ధతీ ఉంది. నిప్పుకు, పెట్రోలుకు మధ్య అంత దగ్గరి చుట్టరికం నాకు ఇష్టం లేదు. చేసేవాళ్ళు పక్కనే నిలబడి చేయాలి, మూసిన షెడ్డులో అసలు చేయకూడదు.

బ్యాటరీకి మైనస్ 18లోనే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. మైనస్ 40లో ఇంకా ఘోరం. ఫుల్ ఛార్జి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ గడ్డకట్టదు, దిగిపోయినది మాత్రం గడ్డకట్టి పగులుతుంది. సులువుగా విప్పి తీయగలిగే చోట బ్యాటరీ ఉందా అని కొనేటప్పుడే చూడండి. రాత్రి దాన్ని గుడిసెలోకి తీసుకెళ్ళి పక్కన పెట్టుకోవాల్సి రావచ్చు.

బండి ఆపేటప్పుడు ట్రాక్ కింద రెండు కట్టెలు వేయాలి. తడి ట్రాక్ నేలకు అతుక్కుంటే పొద్దున థ్రాటిల్ ఇవ్వగానే బెల్టు కాలుతుంది. స్టార్ట్ చేశాక వెనక భాగం ఎత్తి ట్రాక్ వదులైందని చూసి, మొదటి కిలోమీటరు నడక వేగంతో పోవాలి. చలికి బిరుసెక్కిన బెల్టు గట్టిగా యాక్సిలరేటర్ ఇస్తే పగులుతుంది.

ఆరో అడుగు: ట్రాక్, గేరు, కొక్కెం

షికారు బండ్ల ట్రాక్ వెడల్పు 15 అంగుళాలు. యుటిలిటీలో 20, 24 అంగుళాలవి దొరుకుతాయి. పొడవు చాలావాటికి 154 అంగుళాలు. మెత్తటి లోతు మంచులో బరువు లాగే పనికి 24 అంగుళాలది తేలుతూ పోతుంది, చెట్ల మధ్య మాత్రం మొండికేస్తుంది. ఎక్కువమందికి 20 సరిపోతుంది. దారి ఇరుకైతే ముందు సస్పెన్షన్ టెలిస్కోపిక్ ఉన్నది మేలు, పొదల్లో తగులుకోదు. వేగంగా, ఎగుడుదిగుడు దారుల్లో వెళ్తే ఏ-ఆర్మ్ (A అక్షరం ఆకారంలో చేతులున్న సస్పెన్షన్) మేలు.

లో గేరు లేని బండి యుటిలిటీ బండే కాదని నా అభిప్రాయం. బెల్టు బండిలో భారీ స్లెడ్జిని హై గేరులో కదిలిస్తే పుల్లీల మధ్య బెల్టు జారి వేడెక్కుతుంది. లో గేరు వేస్తే ఆ భారం గేర్‌బాక్స్ మోస్తుంది. రివర్స్ కూడా ఉండాలి. అడవిలో 300 కిలోల బండిని ఎత్తి తిప్పలేం.

స్లెడ్జిని తాడుతో కట్టొద్దు. బ్రేకు వేసినప్పుడు, దిగుడులో, వెనక నుంచి వచ్చి గుద్దుతుంది. బిగువైన ఇనప కడ్డీ ఉన్న కొక్కెం తీసుకోండి. నున్నటి ఐసు మీద తాడుతో లాగే కెనడా ఉత్తరాది ప్రజల పొడవాటి స్లెడ్జిలు వేరే సంగతి, దానికి చిన్నప్పటి నుంచి తోలిన చెయ్యి కావాలి.

ఏడో అడుగు: పెట్రోలు లెక్క

ఖాళీ ఫోర్ స్ట్రోకు యుటిలిటీ బండి గట్టి దారిలో 100 కిలోమీటర్లకు 12 నుంచి 15 లీటర్లు తాగితే బాగున్నట్టే. స్లెడ్జి కట్టి మెత్తటి మంచులో పోతే రెట్టింపు అనుకోండి. చాలా మోడళ్ళ ట్యాంకు 40 లీటర్ల అటూ ఇటుగా ఉంటుంది. వెళ్ళడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, ముట్టుకోకుండా మూడో వంతు. రాను పోను 200 కిలోమీటర్లయితే, బరువుతో 100కి 28 లీటర్ల లెక్కన 56 లీటర్లు ఖర్చు. దానికి సగం, 28 లీటర్లు నిల్వ. మొత్తం 84. ట్యాంకు పోను దాదాపు 44 లీటర్లు డబ్బాల్లో వెళ్ళాలి. కాబట్టి డబ్బాలు కట్టే ర్యాక్ ఉన్న బండే చూడండి.

పెట్రోలు గడ్డకట్టదు, అందులో చేరిన నీరు గడ్డకట్టి గొట్టం మూసేస్తుంది. ట్యాంకు నిండుగా ఉంచితే తేమ తక్కువ చేరుతుంది. మైనస్ 40లో పెట్రోలు చేతి మీద పడితే చర్మం అక్కడికక్కడే గడ్డకడుతుంది. పెట్రోలు పోసేటప్పుడు వేసుకోవడానికి వేరే గ్లవ్స్ ఉండాలి.

ఎనిమిదో అడుగు: తోలే మనిషి

జనవరి తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద బైకు తోలితే 17 డిగ్రీలకే చెవులు లాగుతాయి. కెనడా వాతావరణ శాఖ వాడే సూత్రం ప్రకారం మైనస్ 40లో 40 కిలోమీటర్ల వేగంతో పోతే ఒంటికి మైనస్ 61లా తగులుతుంది. అందుకే ఎత్తు విండ్‌షీల్డ్ అలంకారం కాదు. హ్యాండిల్ గ్రిప్పులకు, బొటనవేలితో నొక్కే థ్రాటిల్‌కు హీటర్ ఉండాలి. హెల్మెట్ గాజుకు ఊపిరి తగిలి ఐసు పేరుకుంటుంది. కరెంటు తీగ ఉన్న హీటెడ్ వైజర్ తీసుకుని, దాన్ని గుచ్చే సాకెట్ బండికి ఉందో లేదో చూడండి. షోరూములో కూర్చుని చూసేటప్పుడు మందపాటి బూట్లు, గ్లవ్స్ తొడుక్కునే చూడాలి. స్విచ్చులు నొక్కగలుగుతున్నారా, తాళం తిప్పగలుగుతున్నారా? బెల్టు కవరు ఆ గ్లవ్స్‌తో విప్పి, బెల్టు మార్చి చూపించమని సేల్స్‌మన్‌ను అడగండి.

వెంట తీసుకెళ్ళేవి: స్పేర్ బెల్టు, ప్లగ్గులు, పనిముట్లు, లాగుడు తాడు, పార, మంచు మీద నడిచే స్నోషూలు, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం. స్టవ్వు వైట్ గ్యాస్‌దై (క్యాంపు స్టవ్వుల్లో పోసే శుద్ధమైన ద్రవ ఇంధనం) ఉండాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది.

తొమ్మిదో అడుగు: సెకండ్‌హ్యాండ్ అయితే

ఇది మన ఆటోనగర్ విద్యే. అమ్మేవాళ్ళకు ముందే చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లటి బండి మీ ఎదుట లేవాలి. తర్వాత పుల్లీ ముఖాల మీద గాడులు, ట్రాక్ రబ్బరు చీలికలు, స్లైడర్ల అరుగుదల, చైన్‌కేసు (ట్రాక్‌ను తిప్పే గొలుసు ఉండే పెట్టె) ఆయిల్లో ఇనప పొడి. టూ స్ట్రోకు అయితే రెండు సిలిండర్ల కంప్రెషన్ చూడండి. అంకె కన్నా రెంటి మధ్య తేడా ముఖ్యం. ఫోర్ స్ట్రోకు అయితే ఆయిల్ మూత లోపల తెల్లటి నురగ ఉందేమో చూడండి. ఉంటే తేమ చేరిందని, దాన్ని చిన్న దూరాలకే తిప్పారని అర్థం.

కొనే కాలం గురించి ఒక మాట. సీజన్ ముగిసే ఏప్రిల్‌లో పాత బండ్ల ధరలు దిగుతాయి, కొత్త వాటికి వచ్చే ఏడాదికి ముందస్తు ఆర్డర్ల ఆఫర్లు కూడా అప్పుడే వస్తాయి. కొత్తది తీసుకుంటే అదే మంచి సమయం. పాతది ఏప్రిల్‌లో చవగ్గా దొరికినా మైనస్ 5లో లేచిన బండి మైనస్ 40లో లేస్తుందన్న హామీ లేదు. మా వాడికి చెప్పింది ఇదే: పాతది కొంటే జనవరిలో కొను, వెయ్యి డాలర్లు ఎక్కువైనా పర్లేదు, పొద్దున ఏడింటికి వెళ్ళు.